నలభై నాలుగో గీత

మా చెల్లెలు తాయారు ఇంటర్ రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష రాయమంటే ఆ పూట వలలు ఆరేసుకుంటూ కూర్చుంది. నేను డాక్టరేటు చేశాను. పన్నెండేళ్ళు కళ్ళు చెడగొట్టుకుని ఒక యంత్రం కనిపెట్టాను. అయినా ఇప్పటికీ ఎవరైనా మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఏదైనా అడిగితే, జవాబు కోసం దాని ముఖమే చూస్తారు. దీన్ని కుళ్ళు అంటారని నాకు తెలుసు. మర్యాదకి ఇంకో పేరు పెట్టను.

విశ్వవిద్యాలయం ఇచ్చిన బంగారు పతకం ఇంటికి తెచ్చిన రోజున అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, తాయారు వైపు తిరిగి, "ఏడ పెడదామే దీన్ని?" అని అడిగింది. అది గోడకున్న మేకు చూపించింది. అమ్మ అక్కడే తగిలించింది. నన్ను అడగలేదు.

ఇంత చెప్పాక నేను కనిపెట్టిందేమిటో వింటే మీరు నవ్వుతారు. ఒక మనిషి మాటకి ఇంకో మనిషి నిజంగా ఒప్పుకున్నాడో లేదో చెప్పే పట్టీ అది. మణికట్టుకి కట్టుకోవాలి. కట్టుకున్న ప్రతి మనిషీ తెర మీద ఒక చుక్క; మనసు ఎవరి మాటకి ఒప్పుకుంటే వాళ్ళ చుక్క దాకా గీత పడుతుంది. మేం మొగ్గుపట్టీ అనేవాళ్ళం.

మొదటి పరీక్ష మా పరిశోధనశాలలోనే చేశాను. డైరెక్టరు గారు అటెండరు గంగరాజుని పిలిచి ఫైళ్ళన్నీ మేడ మీదికి మార్చమన్నారు. "చిత్తం సార్" అని గంగరాజు నడుం దాకా వంగాడు. పట్టీ ఉలకలేదు, పలకలేదు. గడప దాటగానే ఊడ్చే సూరమ్మ, "ఇప్పుడెందుకయ్యా, అన్నం తిని మార్చరాదా" అంది. తెర మీద గంగరాజు చుక్క నుంచి సూరమ్మ చుక్క దాకా సన్నటి గీత పడింది. ఫైళ్ళు మధ్యాహ్నం మూడింటికి కదిలాయి.

నడుం వంగడం వేరు, మనసు మొగ్గడం వేరు. మనసు మొగ్గేటప్పుడు ఒళ్ళు ఒక్క క్షణం సడలుతుంది, నాడి ఎదుటి మనిషి మాటకి సర్దుకుంటుంది. భయపడి ఒప్పుకుంటే ఒళ్ళు బిగుస్తుంది, గీత పడదు. పట్టీకి తెలిసింది అంతే.

అయితే తూకానికి పడికట్టు రాయి కావాలన్నట్టు ఈ కొలతకీ ఒక సున్నా కావాలి. ఎవరు ఎంత మంచి మాట చెప్పినా సడలని ఒళ్ళు ఒకటి ఉండాలి. ఎంతోమందిని వెతికాం. కాపురాలు చేసుకునేవాళ్ళు పనికి రాలేదు, దేవుణ్ణి నమ్మేవాళ్ళు పనికి రాలేదు. చివరికి నా సహాయకురాలు హెలెన్ నవ్వుతూ నా చేతికే కట్టి చూసింది. నిలువునా సున్నా. ఆరోజు నుంచి ప్రతి పొద్దునా నా పట్టీని చూసే మిగతా పట్టీలన్నీ సరిచేసేవాళ్ళం. నాకది గర్వంగా ఉండేది.

*

సముద్రం మా గవ్వలదిబ్బను ఒక్క తుపానులో మింగలేదు. ఆరేళ్ళు కూర్చుని నెమ్మదిగా తింది. మిగిలిన నలభై మూడు కుటుంబాలకీ ప్రభుత్వం నీళ్ళ మీద తేలే తెప్పలు కట్టించి ఇచ్చింది. ఇంటికొక తెప్ప, తెప్పకీ తెప్పకీ మధ్య మోకులు, నడుమ ఉప్పునీళ్ళని మంచినీళ్ళుగా మార్చే యంత్రం. తెప్పలూరు అని పేరు పెట్టారు. ఆ ఊరికి పెద్ద ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ప్రభుత్వం దగ్గరికే వెళ్ళి అడిగాను: తొంభై రోజులు ఎవరినీ వెయ్యకండి, సర్పంచి వద్దు, అధికారి వద్దు, పోలీసు వద్దు. ఇంటికొకరికి పట్టీ కడతాను. తొంభయ్యో రోజున గీతలు ఎవరి వైపు ఉంటే వాళ్ళ చేతికి యంత్రం తాళంచెవి ఇచ్చి, చట్టప్రకారం వాళ్ళనే పెద్ద చెయ్యండి.

రాజ్యం ఎట్లా పుట్టిందో పుస్తకాల్లో పెద్దలు రకరకాలుగా రాశారు. ఒకరినొకరు చంపుకుంటామన్న భయంతో జనమే పగ్గాలు ఒకడికి అప్పగించారని ఒకరు, కూర్చుని మాట్లాడుకుని ఒప్పందం చేసుకున్నారని ఒకరు, కండబలం ఉన్నవాడు ఎక్కి కూర్చున్నాడని ఇంకొకరు. రాసినవాళ్ళలో ఒక్కరూ ఆ రోజున అక్కడ లేరు. నేను ఉండాలనుకున్నాను. కళ్ళారా చూసి, దానికి నా పేరు పెట్టుకోవాలనుకున్నాను.

తాయారు అదే ఊళ్ళో కాపురం చేస్తోంది. అనుమతి పత్రంలో "పరిశోధకురాలి బంధువులు ఉన్నారా?" అని ఒక గడి ఉంది. "చెల్లెలు. ప్రభావం లేని వ్యక్తి" అని రాశాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నేనూ హెలెనూ తెప్పలకి కాస్త దూరంగా లంగరేసిన లాంచీలో ఉండేవాళ్ళం. తెర మీద ఊరివి నలభై మూడు చుక్కలు, మూలన సున్నాగా నా చుక్క. తెప్పల మీద పెట్టిన మైకుల్లోంచి వాళ్ళ మాటలు వినిపించేవి. మొదటి పద్దెనిమిది రోజులూ గీతలు పుడుతూ చస్తూ ఉన్నాయి. తమ్ముడి నుంచి అన్నకి, అల్లుడి నుంచి అత్తకి, అంతే.

పంతొమ్మిదో రోజు పొద్దున యంత్రం మొరాయించింది. సగం బిందెలకే నీళ్ళొచ్చాయి. ఏడుకొండలు అనే ఆసామి, రెండు మరపడవలూ నలుగురు తమ్ముళ్ళూ ఉన్నవాడు, వచ్చి కుళాయి మీద చెయ్యి వేశాడు. "ముందు మాకు. తర్వాతే ఎవరికైనా" అన్నాడు. జనం వెనక్కి తగ్గారు.

"గీతలు?" అని అడిగాను.

"ఒక్కటి కూడా లేదు మేడమ్. అందరి ఒళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి" అంది హెలెన్.

కండబలం సిద్ధాంతం అక్కడితో సరి. రెండు నిమిషాల్లో ఒక బిందె ఎగిరింది, ఎవరి నుదురో పగిలింది. అప్పుడు వచ్చింది తాయారు, భుజాన ఒక మోకు వేసుకుని.

గవ్వలదిబ్బలో పాత ఆనవాయితీ ఒకటి ఉండేది. ఊరు ఒక కట్టుబాటు పెట్టుకోవాలంటే ఒక మోకు తెచ్చి ఇంటికొక ముడి వేసేవాళ్ళు. ఇష్టం లేనినాడు ఎవరైనా అందరి ముందుకొచ్చి తన ముడి తాను విప్పుకోవచ్చు. ఎవరూ ఆపరు, తిట్టరు. అతనికి కట్టుబాటు లేదు, దాని వల్ల వచ్చే వంతూ లేదు. కానీ ఇంకొకరి ముడి మీద చెయ్యి వెయ్యడం మాత్రం మహాపాపం. పక్కింటి కోడిని కాజేసిన వాళ్ళున్నారు, పక్కవాడి పెళ్ళాన్ని లేవదీసుకుపోయిన వాళ్ళున్నారు. ముడి ముట్టినవాడు మాత్రం మా తాతల కాలం నుంచీ లేడు. అందుకే ఆ మోకుకి కాపలా ఉండేది కాదు.

"ఏడుకొండలు బాబాయ్, కొట్టుకుంటే ఇయ్యాల నీళ్ళు నీయే, కాదనను" అంది తాయారు. "రేపు నువ్వూ నీ తమ్ముళ్ళూ వేటకి పోతే కుళాయి కాడ పిన్ని ఒక్కతే ఉంటది. అప్పుడెట్టా? చంటిబిడ్డలున్నోళ్ళు ముందు, ముసలోళ్ళు తర్వాత, మిగతావోళ్ళు వంతులు. మా ఇల్లు ఆఖరు. ఇష్టమైతే ముడెయ్యి, లేకపోతే లేదు."

అని ముందు తన ముడి తాను వేసింది. అమ్మ నేర్పిన ముడి. ఏడుకొండలు దాని ముఖం చూశాడు, నుదురు పగిలిన మనిషిని చూశాడు, కుళాయి వదిలి మోకు అందుకున్నాడు.

తెర మీద ఒక గీత పడింది. ఆ వెంటనే నాలుగు, తర్వాత లెక్కపెట్టలేనన్ని. హెలెన్ లేచి నిలబడింది. "ముప్ఫై ఒకటి మేడమ్! నలభై రెండులో ముప్ఫై ఒకటి! పుట్టింది మేడమ్, మన కళ్ళ ముందే పుట్టింది!" అని కళ్ళు తుడుచుకుంది.

పొద్దున ఏడూ నలభైకి రాజ్యం పుట్టింది, మొట్టమొదటిసారి సాక్షుల ముందు. ఒక సాక్షి ఆనందంతో ఏడుస్తోంది. రెండో సాక్షి, "తాయారు పట్టీ చెడిపోయిందేమో చూడు" అంది. ఆ రెండో సాక్షిని నేనే.

పట్టీ చెడిపోలేదు.

*

ముప్ఫయ్యో రోజున బ్యాటరీలు మార్చే వంక పెట్టుకుని తెప్పల మీదికి వెళ్ళాను. దాని తెప్ప చిట్టచివర ఉంది. వాకిట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన వేటకి ఎప్పుడు పోవాలో అడగడానికొచ్చాడు, ఒకావిడ కోడలితో తగువు తీర్చమని వచ్చింది. తాయారు రొయ్యలు వలుస్తూ అందరికీ జవాబు చెబుతోంది. నన్ను చూసి వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ లేవడంలో మర్యాద తప్ప ఏమీ లేదని నా కంటే బాగా ఎవరికి తెలుసు?

"రా అక్కా. ఏందట్టా చిక్కిపోయావ్? లాంచీలో బిస్కెట్లు తిని బతుకుతన్నారా?" అంటూ పళ్ళెం పెట్టింది. గోంగూరలో ఎండురొయ్యలు. అమ్మ వండినట్టే ఉంది. అదీ మంటే నాకు.

"వీళ్ళంతా నీ మాట ఎందుకు వింటారే?" అడిగేశాను.

"నా మాటేముందక్కా? ఆళ్ళు లోపల అనుకునేది నేను పైకంటన్నా. అంతేగా."

"అంతే అయితే నేనూ అనగలను."

"అనగలవు. నీకు చదువుంది" అంది, నిజంగానే. వెటకారం ఉంటే బాగుండేది. వెటకారానికి జవాబివ్వడం నాకు వచ్చు. "ఈ పట్టీలో ఏం కనపడుద్దక్కా?"

"ఆరోగ్యం."

"నాది బాగుందా?"

"చాలా బాగుంది" అన్నాను.

లాంచీకి తిరిగొచ్చేసరికి హెలెన్ నవ్వుతూ ఎదురొచ్చింది. "మేడమ్, తాయారు గారి గీత ఇన్నాళ్ళూ ఎవరి వైపూ పడలేదు. ఇవాళ మీతో మాట్లాడినంతసేపూ మీ వైపే ఉంది."

ఊరంతా దాని వైపు, అది నా వైపు. లెక్క ప్రకారం తెప్పలూరికి రాణిని నేనే. కానీ చెల్లెలు ఎంగిలి చేసి పెట్టిన రాజ్యం ఎవరికి కావాలి? ఆ సంగతి నివేదికలో రాయవద్దన్నాను.

యాభై ఒకటో రోజున డైరెక్టరు గారి నుంచి కబురొచ్చింది. మా నివేదిక అందరికీ తెగ నచ్చిందట. ఏడూ నలభైకి జరిగినదానికి హెలెన్ రాత సౌకర్యం కోసం "తాయారు క్షణం" అని పేరు పెట్టింది. "అద్భుతమైన పేరమ్మా, ఇదే ఖాయం చేద్దాం. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కుతుంది" అన్నారు డైరెక్టరు గారు.

పన్నెండేళ్ళు. ఇంటర్ తప్పినదాని పేరు.

*

మర్నాడు మధ్యాహ్నం తెప్పల అవతలి కొసన అందరూ కలిసి పెద్ద వల లాగుతున్నారు. వాళ్ళ పాట ఇవతలికి వినిపిస్తోంది. నేను ఒక్కదాన్నే యంత్రం దగ్గరికి వెళ్ళాను. కుళాయి పక్కన గుంజకి మోకు వేలాడుతోంది. నలభై మూడు ముడులు.

అమ్మ ముడికి కొస కనిపించదు. ఎడమకి రెండు చుట్లు తిప్పి కొసని లోపలికి దాచేస్తారు. తెలియనివాడు రోజంతా పీకినా రాదు. తెలిసిన వేళ్ళకి ఒక్క గుంజు చాలు. అమ్మ పోయేలోపు ఆ ముడి మా ఇద్దరికే నేర్పింది. ఊరు వదిలి ముప్ఫయ్యేళ్ళయినా నా వేళ్ళు మరిచిపోలేదు.

ఒప్పందం ఎంత గట్టిదో చూడాలి కదా, ఇది ఒత్తిడి పరీక్ష, అని నాకు నేను చెప్పుకున్నాను. కాగితం మీద ఎక్కడా రాయని పరీక్ష. గుంజాను. తాయారు ముడి జారిపోయింది.

సాయంత్రం నీళ్ళ వేళకి చూశారు. అందరూ మూగారు. నేను లాంచీ మీంచి దుర్భిణి పెట్టుకుని చూస్తున్నాను, పక్కన హెలెన్ తెర చూస్తోంది. తాయారు మోకు చేతిలోకి తీసుకుని ఖాళీ అయిన చోటు వేలితో తడిమింది. కొయ్యలేదు, చింపలేదు. నలిగిన గుర్తు కూడా లేదు. అది తల ఎత్తి లాంచీ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వే ఇప్పుకున్నావా తల్లీ?" అని ఏడుకొండలు అడగడం తెప్ప మీది మైకులోంచి వినిపించింది. "మాకు చెప్పకుండా, చాటుగానా?"

కాదు అంటే చాలు. కానీ కాదంటే తర్వాతి ప్రశ్న మరి ఎవరు అని. ఆ ముడి విప్పగల చెయ్యి లోకంలో ఇంకొకటే ఉందని దానికి తెలుసు. తాయారు మోకు గుంజకి తగిలించి తన తెప్పకి వెళ్ళిపోయింది.

"మేడమ్, పోతున్నాయి" అంది హెలెన్. అప్పటికి ముప్ఫై తొమ్మిదికి చేరిన గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నాలుగు నిమిషాలు పట్టింది. నాకు లోపల ఏదో చల్లబడింది. ఆ చల్లదనం ఎంతసేపున్నదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. తెల్లారేదాకా ఉంది.

తెల్లారేసరికి కుళాయి దగ్గర కత్తులున్నాయి. పెద్దదే మాట తప్పితే మాకేం కట్టుబాటు అని ఒక్కొక్కరే వచ్చి ముడులు విప్పుకున్నారు. నీటి గొట్టం పగిలింది. "ఎవడి తెప్ప వాడిదే" అంటూ ఏడుకొండలు తమ్ముళ్ళు తెప్పల మధ్య మోకులు విప్పడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు. గాలి లేస్తోంది. కట్టు తెగిన తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు.

లాంచీ మీద మైకు ఉంది. "విప్పింది నేను" అని రెండే మాటలు. మీట నా చెయ్యికి అందేంత దూరంలోనే ఉంది. నేను నొక్కలేదు.

తాయారు తెప్ప నుంచి తెప్పకి దూకుతూ, "ఇప్పమాకండ్రా! పిల్లలున్నారు, ఇప్పమాకండ్రా!" అని అరుస్తోంది. ఎవరూ వినడం లేదు. పుట్టి బుద్ధెరిగాక దాని మాట ఎవరూ వినకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఎన్నేళ్ళు కోరుకున్నానో దానికోసం. విడిపోతున్న రెండు తెప్పల మధ్య మోకు పట్టుకుని అది లాగుతుండగా అల ఎత్తింది. తెప్పలు రెండూ దగ్గరకొచ్చి కొట్టుకున్నాయి. దాని కుడిచెయ్యి మధ్యలో ఉంది.

*

ప్రాణాలు ఎవరివీ పోలేదు. తెప్పలు మడ అడవిలోకి కొట్టుకుపోయి చిక్కుకున్నాయి. జనాన్ని తుపాను షెల్టరుకి చేర్చారు. ప్రయోగం ఆపేశారు. తాయారు చేతికి మూడు వేళ్ళు తీసేశారు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. మెలకువ వచ్చి నన్ను చూసింది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని కోరుకున్నాను.

"అన్నం తిన్నావా అక్కా?" అంది.

నేను లేచి బయటికొచ్చి గోడకి తల ఆన్చి ఏడ్చాను. దాని మంచితనం మీద కూడా నాకు కుళ్ళే. అంత మంచిది కావడం నాకెందుకు చేతకాదు?

అరవై ఒకటో రోజున తాయారుని షెల్టరుకి తీసుకొచ్చారు. జనం దాన్ని చూసి ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. ఏడుకొండలు ఒక్కడే పీట జరిపి వేశాడు. నేను మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. చేతికి పట్టీ ఇంకా ఉంది, అందరి చేతులకీ ఉంది, తీయమని ఎవరూ చెప్పలేదు. హెలెన్ మూల నిలబడి ఉంది.

"ఆ ముడి విప్పింది నేను" అన్నాను.

 ఎందుకు విప్పానో చెప్పాను. పతకం సంగతి, మేకు సంగతి, పేరు సంగతి అన్నీ చెప్పాను. పట్టీ ఆరోగ్యం చూడదనీ, ఏం చూస్తుందో అదీ చెప్పాను. చెబుతుంటే ఎంత చిన్న విషయాలకి ఎంత పెద్ద ఊరు కూలిందో నాకే వినిపించింది. ఒక ముసలావిడ "ముడి ముట్టిందా? మన పిల్లేనా?" అని పక్కవాళ్ళని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఏడుకొండలు తాయారు ముందు నేల మీద కూర్చున్నాడు. "తెలిసి కూడా నోరెందుకు మూసుకున్నావే?"

"అక్క కదా బాబాయ్" అంది తాయారు. "అక్కని కాసుకున్నా, ఊరిని ఒదిలేశా. తప్పు నాది కూడా. మీరేమంటే అది."

అతను కట్టు కట్టిన చెయ్యి వైపు చూశాడు. "నీ తప్పుకి నువ్వు కట్టుకున్నావులే. మరి ఈవిడ సంగతి? నువ్వే చెప్పు. నువ్వు చెప్తేనే వింటాం."

అందరూ దాని ముఖమే చూశారు. ఎప్పటిలాగే. నేనూ చూశాను. అది తల దించుకుంది.  అక్కని క్షమించమంటుంది, నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతేగా. అనేసిందంటే జన్మంతా దాన్ని క్షమించలేను.

తాయారు తల ఎత్తింది.

"మా అక్క ఈ ఊరి ఆడబిడ్డే. ఎప్పుడొచ్చినా అన్నం పెడదాం, మంచం ఏద్దాం. జొరమొత్తే చూసుకుందాం" అంది.  "కానీ ఏడాది పాటు ఆవిడ మాట మాత్రం ఎవరూ ఇనొద్దు. మంచి చెప్పినా సరే ఇనొద్దు. నేనూ ఇనను."

ఎవరూ అవుననలేదు, కాదనలేదు. అవసరం లేకపోయింది.

నన్ను ఎవరూ కట్టెయ్యలేదు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తలుపు తెరిచే ఉంది. అదేం శిక్ష, మీరెవరు వెయ్యడానికి అని లేచి వెళ్ళిపోవచ్చు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నేను వెళ్ళలేదు. ఇరుకు చెప్పు విప్పినప్పుడు కాలికి ఎలా ఉంటుందో అలా, ఎప్పటి నుంచో బిగదీసి పట్టుకున్నదేదో నా ఒంట్లో వదులైంది. "సరే" అన్నాను. నా మాట వినకూడదు కాబట్టి ఎవరూ వినలేదు.

మూల నుంచి హెలెన్ తెర పట్టుకుని పరుగున వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"మేడమ్, అందరి గీతలూ తిరిగొచ్చాయి. నలభై రెండూ" అంది. "కానీ కొలత ఏదో తేడాగా ఉంది. ఊరివి నలభై మూడు చుక్కలే కదా. నలభై నాలుగో చుక్క నుంచి గీత పడింది." తెర నా ముందు పెట్టింది. నాకు చూడాల్సిన పని లేదు. "మేడమ్, ఇప్పుడు పట్టీలు దేన్ని చూసి సరిచెయ్యాలి? మనకి సున్నా లేదు."

నేను జవాబు చెప్పబోయి ఆగాను. మణికట్టు మీది పట్టీ విప్పి హెలెన్ చేతిలో పెట్టి, మంచినీళ్ళ కోసం వరస కడుతున్నవాళ్ళ వెనక, చిట్టచివర, మా చెల్లెలి వెనక నిలబడ్డాను.